కిక్ మాయమైంది: సీక్వెన్సర్‌లో నా మొదటి పాట

ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా సొంతంగా తయారు చేయాలని చాలా కాలంగా కోరిక. రాసింది నా స్నేహితుడు, పాడేది మా అక్క. వాయించడానికి నేనున్నాను, అంటే వేరే ఎవరూ దొరకలేదని అర్థం. నా కుడి చెయ్యి పర్వాలేదు. ఎడమ చెయ్యి మాట వినదు. రెండు చేతులూ కలిపి మూడు నిమిషాలు తప్పు లేకుండా వాయించడం నా వల్ల కాదు. అందుకే మిడి సీక్వెన్సర్ పట్టుకున్నాను. మిడి అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష, సీక్వెన్సర్ అంటే మనం వాయించింది ఆ భాషలో రాసుకుని తిరిగి వాయించే ప్రోగ్రామ్. తప్పులుంటే తర్వాత దిద్దుకోవచ్చని అందరూ అంటారు. నిజమే, దిద్దుకోవచ్చు. ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది నేను పాట పాడు చేసుకుని నేర్చుకున్నాను.

మొదటి రోజు పియానో పెట్టుకుని ఎనిమిది బార్లు, అంటే తాళం ఎనిమిది చుట్లు, రికార్డు చేశాను. తిరిగి వింటుంటే చెయ్యి తగిలి సౌండ్ మారింది. ఇందాక నేను వాయించిందే, అవే తడబాట్లతో సహా, వయొలిన్ల గుంపులా మోగింది. లోపల ఉన్నది శబ్దం కాదని అప్పుడు బుర్రకెక్కింది. ఏ కీ నొక్కాను, ఎప్పుడు నొక్కాను, ఎంత గట్టిగా నొక్కాను, ఎప్పుడు వదిలాను... ఇంతే రాసుకుంటుంది. కీలకు 0 నుంచి 127 వరకు సంఖ్యలు, నడిమి సి 60. నొక్కిన వేగానికి వెలాసిటీ అని పేరు, అదీ 127 దాకానే. అందుకే మూడు నిమిషాల పాటైనా ఫైలు కొన్ని పదుల కిలోబైట్లు దాటదు. పూర్వం తనంతట తాను వాయించుకునే పియానోలకు చిల్లులు పొడిచిన కాగితం చుట్ట ఎక్కించేవారు. చిల్లు ఉన్నచోట కీ మోగేది. తెరమీద నోట్లు అడ్డగీతల్లా కనిపించే పేజీని పియానో రోల్ అనడం అక్కణ్ణుంచే వచ్చింది.

రెండో రోజే మొదటి గొడవ. పియానో డబ్బాలోంచి వస్తున్నట్టు బోలుగా వినిపిస్తోంది. పైగా పెద్ద కార్డులు, అంటే కలిపి నొక్కే స్వరాల గుత్తులు, పట్టుకుంటే మధ్యలో స్వరాలు తెగిపోతున్నాయి. కేబుల్ మార్చాను, హెడ్‌ఫోన్లు మార్చాను, లాభం లేదు. చివరికి తేలిందేమిటంటే, నేను కీ నొక్కగానే కీబోర్డు తన శబ్దం తాను చేస్తోంది. అదే సందేశం కంప్యూటర్‌కు వెళ్లి, సీక్వెన్సర్ దాన్ని తిరిగి కీబోర్డుకే పంపుతోంది. ఒక్కో స్వరం రెండుసార్లు, కొద్ది మిల్లీసెకన్ల తేడాతో మోగుతోందన్నమాట. ఒకేసారి మోగగల స్వరాల లెక్కలో సగం దీనికే ఖర్చవుతోంది. కీబోర్డులో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయగానే సర్దుకుంది. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేయకుండా కీబోర్డు ముందు కూర్చుంటే అది మూగబోయింది. పాడైపోయిందని అరగంట కంగారు పడ్డాక గుర్తొచ్చింది, నిన్న లోకల్ ఆఫ్ చేసింది నేనేనని.

తర్వాత మెల్లగా కంప్యూటర్‌లోని శబ్దాలకు మారాను. అక్కడ లేటెన్సీ అనే పీడ ఉంది, అంటే కీ నొక్కాక శబ్దం వినిపించేదాకా పట్టే ఆలస్యం. కంప్యూటర్ శబ్దాన్ని శాంపిళ్లనే తునకలుగా కొంత పోగుచేసి పంపుతుంది, ఆ పోగే బఫర్. బఫర్ 1024 శాంపిళ్లు, రేటు సెకనుకు 44,100 అయితే ఆ ఒక్క బఫర్ వల్లే దాదాపు 23 మిల్లీసెకన్ల ఆలస్యం. చెప్పుకోవడానికి చిన్న సంఖ్యే. చెవికి చిన్నది కాదు, వేళ్లకు అసలే కాదు. నా శబ్దం నాకే ఆలస్యంగా వినిపిస్తుంటే, దాన్ని క్లిక్‌తో, అంటే తాళం కొట్టే టిక్ టిక్‌తో, కలపడానికి వేళ్లు తెలియకుండానే ముందుకు పరిగెత్తాయి. బేస్ ట్రాక్, అంటే మంద్రస్వరాల వాయిద్యానికి కేటాయించిన వరస, మొత్తం క్లిక్ కంటే ముందు పడింది. బఫర్‌ను 128కి దించితే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపుకు వచ్చింది. ట్రాకులు పెరిగేకొద్దీ ఆ బఫర్‌తో చిటపటలు మొదలయ్యాయి కాబట్టి వాయించేటప్పుడు 128, దిద్దేటప్పుడు మళ్లీ 1024 పెట్టుకునేవాణ్ణి.

అప్పటికే వాయించిన బేస్‌ను పారేయలేదు. పాట వేగం నిమిషానికి 84 బీట్లు, అంటే బీట్‌కు దాదాపు 714 మిల్లీసెకన్లు. నా సీక్వెన్సర్ బీట్‌ను 480 టిక్కులుగా కోస్తుంది. ఒక టిక్కు ఒకటిన్నర మిల్లీసెకను అనుకోండి. ట్రాక్ మొత్తాన్ని 15 టిక్కులు వెనక్కి జరిపాను. నోట్ల మధ్య ఎడం ఎక్కడా మారలేదు, కానీ బేస్ వచ్చి డ్రమ్ము పక్కన కూర్చుంది. సీక్వెన్సర్ మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది ఆ నిమిషంలోనే.

ప్రేమ ఎక్కువైతే ఏమవుతుందో పియానో ట్రాక్ దగ్గర తెలిసింది. ముచ్చటగా వాయించాననుకున్న టేకును, అంటే ఒక విడత రికార్డింగును, పియానో రోల్‌లో తెరిస్తే వంకర పళ్ల వరుసలా ఉంది. ఒక్క నోటూ గీత మీద లేదు. చెవికి అంతదాకా బాగానే ఉన్నది కంటికి కనపడగానే తప్పైపోయింది. అన్నీ సెలెక్ట్ చేసి, బీట్‌ను నాలుగుగా కోసే పదహారో వంతు గ్రిడ్ పెట్టి, నూటికి నూరు క్వాంటైజ్ కొట్టాను, అంటే ప్రతి నోటునూ దగ్గరి గీతకు లాగమన్నాను. నోట్లన్నీ సైనికుల్లా వరుసలో నిలబడ్డాయి. చూడముచ్చటగా ఉంది. సేవ్ చేసి పడుకున్నాను.

పొద్దున వింటే పాట చచ్చిపోయి ఉంది. కార్డులు కింది నుంచి పైకి మీటుతూ వాయించిన చోటల్లా అన్ని స్వరాలూ ఒకేసారి ఠపీమని పడుతున్నాయి. చరణానికి ముందు ఒక బీట్‌లో మూడు స్వరాలు సమానంగా దొర్లే ముక్క ఒకటుంది. తిశ్రం నడక అది. దాని స్వరాలు 0, 160, 320 టిక్కుల దగ్గర ఉండాలి. పదహారో వంతు గ్రిడ్‌లో గీతలు 0, 120, 240, 360 దగ్గర ఉంటాయి. ఏ స్వరం తనకు దగ్గరున్న గీతకు అది అతుక్కుంటుంది కదా, 160 కాస్తా 120కి, 320 కాస్తా 360కి పోయాయి. దొర్లాల్సిన ముక్క కుంటింది. అన్నింటికన్నా ఘోరం పల్లవి మొదట్లో జరిగింది. అసలు స్వరానికి 40 టిక్కుల ముందు పక్క కీని అలా తాకి వదిలాను. ఆ తాకిడి కూడా వచ్చి అసలు స్వరం నెత్తినే కూర్చుంది. పక్కపక్క కీలు రెండూ కలిసి మోగితే ఎంత చేదుగా ఉంటుందో తెలుసుగా.

అన్‌డూ ఉంది కదా అంటారు. ఉంది, ప్రోగ్రామ్ మూసేదాకా. నేను అదే పేరు మీద సేవ్ చేసి మూసేశాను. పాత టేకు పోయింది. నాలుగు సాయంత్రాలు మళ్లీ వాయించాను, అంత బాగా మళ్లీ రాలేదని ఇప్పటికీ నా అనుమానం. అప్పటి నుంచి ప్రతి మార్పుకూ ఫైలు పేరు చివర ఒక అంకె పెంచుతున్నాను. క్వాంటైజ్‌ను వదిలేశానని కాదు. ఎడమ చేతికి మాత్రమే, అదీ యాభై శాతం బలంతో వాడతాను. 30 టిక్కులు ఆలస్యమైన నోటు 15 టిక్కుల ఆలస్యానికి వస్తుంది. తప్పు సగం తగ్గుతుంది, చెయ్యి నాదేనని తెలుస్తూ ఉంటుంది. చెవికి అడ్డం రానంతవరకు కుడి చేతి నోట్లను ముట్టుకోను.

డ్రమ్ములు మొదట మౌస్‌తో గీశాను. అన్ని దెబ్బల వెలాసిటీ 100. టైప్ మిషన్ కొడుతున్నట్టుంది. యంత్రమే కాస్త అటూ ఇటూ కదిపే హ్యూమనైజ్ వాడితే టైప్ మిషన్ తాగినట్టయింది, అంతే తేడా. చివరికి నాలుగు బార్లు లూప్‌లో పెట్టి, మొదటి చుట్టులో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), రెండో చుట్టులో స్నేర్ (గరగరలాడే చిన్న డ్రమ్ము), మూడో చుట్టులో హై హ్యాట్ (కంచు తాళాల జత) శబ్దాలను వేళ్లతోనే కొట్టాను. తర్వాత చూస్తే హై హ్యాట్ వెలాసిటీలు 92, 61, 88, 57 ఇలా ఎక్కువ తక్కువగా ఊగుతున్నాయి. అలా కొట్టాలని నేను అనుకోలేదు, వేలే అలా కొట్టింది. స్నేర్ ప్రతిసారీ పదీ పన్నెండు టిక్కులు వెనకే పడుతోంది. దిద్దబోయి, విని, వదిలేశాను.

పెడల్ కథ వేరు. రెండో చరణంలో 33వ బార్ నుంచి 36 దాకా పియానో నచ్చక ఆ నాలుగు బార్లే పంచ్ ఇన్ చేసి, అంటే మిగతాది కదపకుండా, కొత్తగా వాయించాను. అక్కడిదాకా బాగుంది. 37వ బార్ నుంచి పియానో మొత్తం బురద. ఒక స్వరం మీద ఇంకొకటి పేరుకుపోతోంది. రివర్బ్, అంటే గది ప్రతిధ్వని, ఎక్కువైందేమోనని తీసేశాను. పియానో సౌండ్ మార్చాను. వెలాసిటీలు తగ్గించాను. విచిత్రం ఏమిటంటే 41వ బార్ నుంచి ప్లే చేస్తే అద్దంలా ఉంది, 33 నుంచి ప్లే చేస్తే అదే 41వ బార్ బురదగా ఉంది. ఒకే చోటు, అవే నోట్లు, రెండు రకాలుగా వినిపించడం ఎలా సాధ్యం? దీనికి ఒక సాయంత్రమంతా పోయింది.

పియానో రోల్‌లో నోట్లే కనిపిస్తాయి కాబట్టి అక్కడ ఎంత వెతికినా దొరకలేదు. ఈవెంట్ లిస్ట్ తెరిచాను. అది సంతలెక్క చిట్టాలాంటి పేజీ, వరసకో సందేశం. 36వ బార్, నాలుగో బీట్, 410వ టిక్కు దగ్గర ఒక వరస: కంట్రోలర్ 64, విలువ 127. కంట్రోలర్ 64 అంటే సస్టైన్ పెడల్. విలువ 64 గానీ ఆ పైన గానీ ఉంటే పెడల్ తొక్కినట్టు, 63 గానీ ఆ లోపు గానీ ఉంటే ఎత్తినట్టు. తొక్కిన వరస ఉంది, ఎత్తిన వరస ఎక్కడా లేదు! నేను కాలు ఎత్తేసరికి 37వ బార్ వచ్చేసింది, రికార్డింగ్ 36తోనే ఆగిపోయింది. ఆ తర్వాతి పాత బార్లలో నేను పెడలే వాడలేదు. అందుకని ఆ తొక్కుడు అలాగే నిలబడిపోయింది. 41 నుంచి మొదలుపెడితే నా సీక్వెన్సర్ వెనక ఏం జరిగిందో చూడదు, పెడల్ సంగతి దానికి తెలియదు, అందుకే శుభ్రంగా వినిపించింది. వెనక్కి వెళ్లి చూసుకునే ఆప్షన్ ఒకటుంది, దాన్ని చేజ్ అంటారు. నాది ఆఫ్‌లో ఉంది. 37వ బార్ మొదట్లో కంట్రోలర్ 64, విలువ 0 అని ఒక్క వరస చేర్చాను. బురద పోయింది. ఒక్క వరస.

వేణువు దగ్గర ఇంకో పాఠం. మన చెవికి స్వరం నిలబడి ఉంటే చాలదు, జారాలి, ఊగాలి. కీబోర్డులో దానికున్నది పిచ్ బెండ్ చక్రం ఒక్కటే. మామూలుగా అది అటు రెండు, ఇటు రెండు సెమీటోన్లే జరుపుతుంది. సెమీటోన్ అంటే పక్కపక్క కీల మధ్య ఎడం. నేను పరిధిని 12కి పెంచాను. మొదట పెన్సిల్ టూల్‌తో గీతలు గీస్తే గమకం కాదు, సైరన్ వచ్చింది. తర్వాత దొరికిన చిట్కా ఇది: ముందు నోట్లు మాత్రం వాయించి పెట్టుకోవాలి, తర్వాత అదే ట్రాక్ మీద, ఉన్నది చెరగకుండా పైన రికార్డు చేసే ఓవర్‌డబ్ పెట్టి, పాట వింటూ చక్రం ఒక్కటే తిప్పాలి. మనసంతా జారుడు మీదే ఉంటుంది. ఆరేడు టేకుల్లో ఒకటి పనికొచ్చింది.

అంతలో రెండో వేణువు చేర్చాను. శబ్దం అదే కదా అని దానికీ మొదటి వేణువు చానెలే ఇచ్చాను. చానెల్ అంటే సందేశం ఏ శబ్దానికి వెళ్లాలో చెప్పే సంఖ్య. మొదటిది జారినప్పుడల్లా రెండోది కూడా తోకలా వెంట జారుతోంది. పిచ్ బెండ్ నోటుకు కాదు, చానెల్ మొత్తానికి తగులుతుందట. ట్రాక్ వేరు, చానెల్ వేరు. ట్రాకులు ఎన్నైనా పెట్టుకోవచ్చు, ఒక మిడి కేబుల్‌లో చానెళ్లు 16 మాత్రమే. రెండో వేణువును పక్క చానెల్‌కు మార్చాను. అది కుదిరాక బేస్ తడబడటం మొదలైంది. బేస్, రెండు వేణువులు నా పాత కీబోర్డులోవే, దానికి ఐదు పిన్నుల కేబుల్. 1983లో వచ్చిన ఆ ప్రమాణం వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక నోటు సందేశమో, ఒక బెండ్ సందేశమో వెళ్లడానికి దాదాపు మిల్లీసెకను పడుతుంది. నా చక్రం తిప్పుళ్లు వందలకొద్దీ బెండ్ సందేశాలుగా క్యూ కడుతుంటే పాపం బేస్ నోటు వాటి వెనక నిలబడుతోంది. బెండ్ సందేశాల్లో మూడింట రెండు వంతులు ఏరిపారేశాను. జారుడులో తేడా నాకైతే తెలియలేదు.

ఎనిమిది ట్రాకులూ తయారయ్యాక అక్కను పిలిచాను. ఒకసారి పాడి చూసి, “పైన గొంతు పీక్కోవాల్సి వస్తోందిరా, కాస్త కిందికి దించు” అంది. ఎంత అంటే రెండు మెట్లు చాలంది. ఇక్కడే కదా సీక్వెన్సర్ గొప్ప అనుకుని, ఆమె ముందు కాస్త ఫోజు కొడుతూ, అన్నీ సెలెక్ట్ చేసి మైనస్ 2 కొట్టాను. ప్లే నొక్కాను.

కిక్ మాయమైంది. స్నేర్ పడాల్సిన చోట కిక్ పడుతోంది. హై హ్యాట్ ఉండాల్సిన ప్రతి చోటా స్నేర్ దడదడలాడుతోంది. అక్క మైకు ముందు నుంచే, “ఇది పాటా, యుద్ధమా?” అంది.

నవ్వు ఆగాక కారణం దొరికింది. డ్రమ్ కిట్‌లో కీ సంఖ్య స్వరం కాదు, వాయిద్యం. 36 కిక్, 38 స్నేర్, 42 మూసిన హై హ్యాట్. రెండు దించితే కిక్ 34కి పడింది, నా కిట్‌లో 34 దగ్గర ఏమీ లేదు. స్నేర్ 36కి దిగి కిక్ అయింది. హై హ్యాట్ 40కి దిగింది, అక్కడున్నది ఇంకో రకం స్నేర్. యంత్రం తప్పేమీ లేదు, అన్నీ దించమన్నాను, దించింది. డ్రమ్ ట్రాక్‌ను వదిలి మిగతావి దించాను. బేస్‌లో ఒకచోట నోటు వినబడలేదు. బేస్ గిటార్ అట్టడుగు ఈ స్వరం 28. రెండు దించి 26 అడిగితే నా బేస్ శబ్దంలో ఆ స్వరమే లేదు. ఆ ఒక్క నోటును ఒక స్థాయి పైకెత్తాను.

పాట రాసిన స్నేహితుడు దూరంగా ఉంటాడు. వాడికి తొందర. చిన్న ఫైలే కదా అని మిడి ఫైలు పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్. “ఏంట్రా, అన్నీ పియానోలే వాయిస్తున్నాయి?” నా శబ్దాలు నా దగ్గరే ఉన్నాయి, వాడికి వెళ్లింది వేళ్ల లెక్క ఒక్కటే. 1991 నాటి జనరల్ మిడి పట్టికలో ఏ సంఖ్యకు ఏ వాయిద్యమో 128 రాసిపెట్టారు. వేణువు 74. ప్రతి ట్రాక్ మొదట్లో ఆ ప్రోగ్రామ్ సంఖ్య చేర్చి మళ్లీ పంపాను. ఈసారి వేణువు వచ్చింది, కానీ శ్రుతి తప్పి. నా దగ్గర బెండ్ పరిధి 12, వాడి దగ్గర 2. నేను ఐదు సెమీటోన్లు జార్చిన చోట వాడికి ఒక్క సెమీటోన్ కూడా జారలేదు. పరిధిని కూడా ఫైల్లోనే సందేశంగా రాయొచ్చు. ఓపిక లేక ఆడియో చేసి పంపాను.

గొంతు రికార్డింగ్‌లో ఒక్క విషయమే చెప్పాలి. చివరి చరణం నుంచి పల్లవికి తిరిగే చోట అక్క కాస్త ఆగి ఊపిరి తీసుకుని రావాలనుకుంటుంది, క్లిక్ ఆగనివ్వదు. రెండుసార్లు పాడి, “వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టుంది” అంది. టెంపో ట్రాక్ తెరిచి ఆ ఒక్క బార్‌లో వేగాన్ని 84 నుంచి 76కి జారేలా గీసి, తర్వాతి బార్‌కు మళ్లీ 84 చేశాను. ఎనిమిది ట్రాకులూ కలిసి నెమ్మదించి కలిసి నడక అందుకున్నాయి. మూడోసారి పాడినప్పుడు ఆమె క్లిక్ గురించి ఏమీ అనలేదు.

బౌన్స్ చేసి, అంటే అన్నీ కలిపి ఒక ఆడియో ఫైలుగా మార్చి, వింటే చివరి కార్డు కత్తితో కోసినట్టు తెగిపోయింది. ఆఖరి నోటు ముగిసిన బార్ దగ్గరే ముగింపు గుర్తు పెట్టాను, తీగ మోత దాని తర్వాత కూడా ఉంటుందని మరిచాను. గుర్తును రెండు బార్లు అవతలికి జరిపి మళ్లీ బౌన్స్ చేశాను. మోత సద్దుమణిగేదాకా వచ్చింది. ఆ సద్దులో అక్క కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా ఉంది. మిడి నోటైతే నొక్కి డిలీట్ చేసేవాణ్ణి. అది ఆమె చివరి అక్షరం మీదే పడింది, ముట్టుకోలేదు.